ఫ్రాంకెన్‌స్టైన్ భస్మాసురుడు కాదు

తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేసే మిత్రులకు, అనువాదకులకు, ప్రచురణకర్తలకు, అట్టబొమ్మలు వేసే చిత్రకారులకు, కాలేజీ వేదికల మీదా షార్ట్ ఫిల్ముల్లోనూ ఈ కథను ఆడేవాళ్లకు,

నమస్కారం.

కృత్రిమ మేధ మీద సంపాదకీయం రాసినా, జన్యుమార్పిడి విత్తనాల మీద వ్యాసం వేసినా, ఒక పార్టీ చేరదీసిన నాయకుడు ఆ పార్టీకే ఎసరు పెట్టాడని రాసినా మనకు ఒక పేరు తేలిగ్గా దొరికిపోతోంది. 'తాము సృష్టించిన ఫ్రాంకెన్‌స్టైన్ తమనే మింగేస్తోంది' అని ఒక వాక్యం. పక్కన చదును తల, ఆకుపచ్చ మొహం, మెడకు రెండు బోల్టులు ఉన్న బొమ్మ. ఆ వాక్యంలో పేరు తప్పు. ఆ బొమ్మ 1818లో మేరీ షెల్లీ ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలోది కాదు. అర్థం కూడా నవల చెప్పినది కాదు. పేరు సంగతి ఈపాటికి చాలామంది పట్టుకున్నారు: ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది తయారుచేసినవాడి ఇంటిపేరు, తయారైనవాడికి నవల మొత్తంలో పేరే లేదు. దాని మీద మేము పెద్దగా పేచీ పెట్టం, ఇంగ్లీషువాళ్లే దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ పొరపాటు చేస్తున్నారు. మా పేచీ అర్థం గురించి.

మనం ఆ మాటను వాడుతున్నది భస్మాసురుడు అనే అర్థంలో. భస్మాసురుడు తపస్సు చేసి, ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిద అయ్యే వరం పట్టుకుని, మొట్టమొదట వరమిచ్చిన శివుడి మీదికే వచ్చాడు. అక్కడ శివుడిది తప్పంటూ ఉంటే అది భోళాతనం. వచ్చినవాడు వచ్చినప్పుడే దుర్మార్గుడు. ఈ అర్థానికి మన భాషలో 'భస్మాసుర హస్తం' ఉంది, 'ఏకు మేకైంది' ఉంది, 'పాముకు పాలు పోసి పెంచడం' ఉంది. ఇన్ని ఉండగా మేరీ షెల్లీని లండన్ నుంచి రప్పించనక్కర్లేదు.

ఆమె రాసింది వేరే కథ. జర్మనీలోని ఇంగోల్‌స్టాడ్ట్‌లో చదువుకుంటున్న విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ దాదాపు రెండేళ్లు కష్టపడి ఒక శరీరం కూరుస్తాడు. నవంబరు రాత్రి ఒంటిగంట వేళ అది కళ్లు తెరవగానే అసహ్యం వేసి గదిలోంచి పారిపోతాడు. పుట్టినవాడికి తిండి లేదు, బట్ట లేదు, మాట లేదు, పేరు లేదు. అడవిలో కాయలూ పండ్లూ తిని, ఒక పేద కుటుంబపు గుడిసె పక్కన కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ల మాటలు విని భాష నేర్చుకుంటాడు. వాళ్లకే సరిపోవడం లేదని తెలిశాక వాళ్ల తిండి దొంగిలించడం మానేస్తాడు, రాత్రిళ్లు వాళ్ల పొయ్యికి కట్టెలు కొట్టి తెచ్చి పెడతాడు. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్', ప్లూటార్క్ జీవితచరిత్రలు, గేటే 'వెర్తర్' చదువుతాడు. ఆ తరువాతే హత్యలు. అతను అమాయకుడని మేము అనడం లేదు. విక్టర్ తమ్ముడు, చిన్నపిల్లవాడు విలియమ్‌ను చంపుతాడు, ఆ నేరంలో జస్టిన్ అనే పనిపిల్ల ఉరికంబం ఎక్కడానికి కారణమవుతాడు, తరువాత విక్టర్ స్నేహితుడు క్లెర్వల్‌నూ, విక్టర్ పెళ్లాడిన ఎలిజబెత్‌నూ చంపుతాడు. కానీ నవల అడిగే ప్రశ్న 'ఎందుకు తయారుచేశావు' అని కాదు, 'తయారుచేసి ఎందుకు వదిలేశావు' అని. భస్మాసురుడి కథలో ఈ ప్రశ్నకు చోటే లేదు.

మరి ఈ కథ ఆ కథగా ఎలా మారింది? జరిగినదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ప్రాణి నోరు పోయింది. ఎప్పుడెప్పుడు పోయిందో తేదీలతో సహా చెప్పవచ్చు.

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశంలో తేలుతూ ఉండగా 1816లో యూరపుకు వేసవి రాలేదు. ఆ జూన్‌లో జెనీవా సరస్సు పక్కన కవి బైరన్ అద్దెకు తీసుకున్న విల్లా డియొడాటిలో చేరినవాళ్లు, బయట వాన పడుతూ ఉంటే, కాలక్షేపానికి తలా ఒక దయ్యం కథ రాద్దామనుకున్నారు. పద్దెనిమిదేళ్ల మేరీ మొదలుపెట్టినది ఈ నవల. (అదే ఇంట్లో బైరన్ వైద్యుడు పాలిడోరికి తగిలిన ఆలోచన 1819లో రక్తపిశాచి కథగా అచ్చయింది. 1897 నాటి డ్రాక్యులాకు అది తాతలాంటిది. ఒక్క చెడ్డ వేసవికి రెండు వంశాలు!) 1818 జనవరి 1న మూడు సంపుటాలుగా, 500 ప్రతులు, రచయిత పేరు లేకుండా వచ్చింది. ముందుమాట ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ రాశాడు. నవల కూడా ఆయనదే అనుకున్నారు చాలామంది, నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్‌తో సహా.

నోరు పోవడం 1823 జులై 28న మొదలైంది. ఆ రోజు లండన్‌లోని ఇంగ్లిష్ ఒపేరా హౌస్‌లో రిచర్డ్ బ్రిన్‌స్లీ పీక్ రాసిన నాటకం ఆడారు. టి. పి. కుక్ అనే నటుడు ప్రాణి వేషం కట్టాడు. నాటకంలో ప్రాణికి మాటల్లేవు, మూకాభినయమే. ఫ్రిట్జ్ అనే బెదురుగొడ్డు నౌకరు పుట్టింది కూడా ఆ నాటకంలోనే. నాటకం కరపత్రంలో ప్రాణి పాత్ర పేరు ఉండాల్సిన చోట గీతలు వేసి వదిలేశారు. ఆగస్టు నెలాఖరులో మేరీ స్వయంగా వెళ్లి చూసింది, ఆ గీతలు ఆమెకు బాగా నచ్చాయి. నవలలో ఆరు అధ్యాయాలు ఏకబిగిన మాట్లాడే పాత్ర వేదిక మీద మూగవాడయ్యాడు.

మూగవాడి తరఫున ఎవరైనా మాట్లాడవచ్చు కదా. ఎనిమిది నెలలు తిరగకుండానే, 1824 మార్చి 16న, బ్రిటిష్ కామన్స్ సభలో విదేశాంగ మంత్రి జార్జ్ కానింగ్ ఆ పని చేశాడు. వెస్టిండీస్ బానిసలకు ఒక్కసారిగా స్వేచ్ఛ ఇవ్వడం ఈమధ్య వచ్చిన ఒక నవలలోని ప్రాణిని లేపినట్టు అవుతుందని, మనిషి బలం, పసిపిల్లవాడి బుద్ధి ఉన్నవాణ్ణి వదిలిపెట్టినట్టని అన్నాడు. (1857లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా ఉన్న కానింగ్ ఈయన కొడుకే.) ఆ ప్రాణికి పసిబుద్ధి అని నవలలో ఎక్కడుంది? ప్లూటార్క్ చదివినవాడు! కానింగ్ చెప్పినది నవల కాదు, నాటకం. 1882 మే 20న 'పంచ్' పత్రికలో జాన్ టెనియల్ 'ఐరిష్ ఫ్రాంకెన్‌స్టైన్' అని కార్టూన్ వేశాడు. ముసుగు వేసుకుని నెత్తురోడే కత్తి పట్టుకున్న రాక్షసుడు ఐర్లండ్, పక్కన భయంతో ఒదిగినవాడు ఐరిష్ నాయకుడు పార్నెల్. అణచివేతకు గురైనవాణ్ణి భూతంగా చూపించడానికి ఈ కథ చేతికందిన పనిముట్టయింది. మన ఎడిట్ పేజీల్లో ఏదైనా ఉద్యమాన్నో ఒక వర్గాన్నో 'ఫ్రాంకెన్‌స్టైన్' అని రాసేటప్పుడు ఆ పనిముట్టు ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందో ఒకసారి తలుచుకోవాలని మా మనవి.

చివరి దెబ్బ 1931 నవంబరులో. హాలీవుడ్ యూనివర్సల్ సంస్థకు జేమ్స్ వేల్ తీసిన సినిమాలో నౌకరు మంచి మెదడు ఉన్న గాజుపాత్ర కింద పడేసి, నేరస్థుడి మెదడు ఉన్న పాత్ర పట్టుకొస్తాడు. ఒకే ఒక్క చిన్న సన్నివేశం. దాంతో నవల తలకిందులైంది. నవలలో వదిలేయడం వల్ల చెడిపోయినవాడు, సినిమాలో పుట్టుకతోనే చెడ్డవాడు. సినిమాగా దాన్ని తక్కువ చేయం. ప్రాణి వేషం కట్టిన బోరిస్ కార్లాఫ్ చేతుల వేళ్లతో చెప్పినంత నవలలో కొన్ని పేజీలు కూడా చెప్పలేవు. కానీ మెదడు మారిన ఆ ముక్క దగ్గరే ఫ్రాంకెన్‌స్టైన్ భస్మాసురుడిగా మారాడు. కాగడాలు పట్టుకుని తరిమే ఊరి జనం, పిడుగు పడితే లేచే శవం, 'డాక్టర్' ఫ్రాంకెన్‌స్టైన్ అన్నీ వెండితెర సరుకే. నవలలో విక్టర్‌కు డాక్టరు పట్టా లేదు. పిడుగూ లేదు. కొడిగట్టిన కొవ్వొత్తి, కిటికీ మీద వాన, అంతే. ప్రాణం ఎలా పోశాడో మేరీ కావాలనే చెప్పలేదు, 'నిప్పురవ్వ' అన్న ఒక్క మాట మాత్రం వేసింది. ఆనాటి పాఠకులకు అది చాలు. చచ్చిన కప్పకాళ్లు కరెంటు తగిలి కదిలిన గాల్వానీ ప్రయోగం 1791లో అచ్చయింది. అతని మేనల్లుడు ఆల్డీనీ 1803 జనవరిలో లండన్‌లో ఉరితీసిన జార్జ్ ఫార్‌స్టర్ శవానికి రాగి, జింకు పలకల బ్యాటరీ తగిలిస్తే దవడ వణికి ఒక కన్ను తెరుచుకుంది.

ఇక పని సంగతులు.

డెస్కులకు. వాక్యంలో 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసేసి 'భస్మాసురుడు' పెట్టి చదవండి. అర్థం ఏమాత్రం తరగకపోతే భస్మాసురుణ్ణే ఉంచండి, శీర్షికలో అక్షరాలు కూడా కలిసొస్తాయి. తయారుచేసినవాడు బాధ్యత వదిలేశాడన్న సంగతి మీ వార్తలో ఉంటే మాత్రం ఫ్రాంకెన్‌స్టైన్ వాడండి, అదీ తయారుచేసినవాడికి. ఉదాహరణకు బీటీ పత్తి, అంటే కాయతొలిచే పురుగును చంపే జన్యువు పెట్టిన పత్తి. 1992లో అమెరికాలో పాల్ లూయిస్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన ఉత్తరంతో 'ఫ్రాంకెన్‌ఫుడ్' అనే మాట పుట్టింది. ఊరి జనం కాగడాలు పట్టుకుని బయల్దేరాలని ఆయన చమత్కరించాడు. కాగడాలు సినిమావి, కాబట్టి ఆ మాటలోని భయం కూడా సినిమాదే: ప్రకృతిలో లేనిది చేశారు, చెడుతుంది. మన దగ్గర 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పటి నుంచి ఆ భయాన్నే పదే పదే అచ్చేశాం. పొలంలో జరిగిన కథ అది కాదు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ కనీసం ఐదు సాళ్లు, లేదా విస్తీర్ణంలో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అంత, అది వేయాలి. ఎందుకంటే ఆ నాన్ బీటీ మొక్కల మీద బతికిన మామూలు పురుగుల నుంచి వచ్చిన రెక్కల పురుగులు, బీటీని తట్టుకున్నవాటితో జతకడితే తట్టుకునే గుణం పలచబడుతుంది. చాలా చేలల్లో ఆ చిన్న ప్యాకెట్ గట్టు దాటలేదు. పురుగుకు వదిలేసే సాళ్లు ఏ రైతుకైనా నష్టంగానే కనపడతాయి. ఎందుకు వేయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ, వేశారో లేదో చూసినవాళ్లు ఇంకా తక్కువ. ఒకదానికి రెండు ప్రొటీన్లు పెట్టిన రకాన్ని కూడా గులాబీ రంగు పురుగు చివరికి తట్టుకుంది. మేరీ షెల్లీ పేరు ఎత్తాల్సింది ఇక్కడ, విత్తనంలో జన్యువు పెట్టిన చోట కాదు, ప్యాకెట్ అమ్మాక వెనక్కి తిరిగి చూడని చోట. కృత్రిమ మేధ వార్తలకూ ఇదే కొలత వేయండి. 'యంత్రం లేచి మనల్ని చంపుతుందా' అన్నది భస్మాసురుడి శీర్షిక. 'తప్పు చెప్పిన యంత్రానికి జవాబుదారీ ఎవరు' అన్నది ఫ్రాంకెన్‌స్టైన్ శీర్షిక.

అనువాదకులకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది, ఎందుకంటే ఈ నవలలో తెలుగు పెట్టే చిక్కులు ఇంగ్లీషు పాఠకుడికి ఊహకు కూడా అందవు.

ముందు ఏ ప్రతి మీ బల్ల మీద ఉందో తేల్చుకోండి. 1818 ప్రతి మూడు సంపుటాలు, 7, 9, 7 చొప్పున 23 అధ్యాయాలు. 1831లో మేరీ తిరగరాసిన ప్రతి ఒకే సంపుటం, వరసగా 24 అధ్యాయాలు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కొన్ని ప్రతుల మీద 1818 అని ఉంటుంది, లోపల 24 అధ్యాయాలుంటాయి. అట్టను నమ్మకండి, అధ్యాయాలు లెక్కపెట్టండి. రెండింటినీ కలిపి అనువదిస్తే కథ అతుకుల బొంత అవుతుంది. 1831 ప్రతిలో విధిరాత గోల ఎక్కువ, విక్టర్ తప్పు కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. మమ్మల్ని అడిగితే 1818 ప్రతికే ఓటు. అయితే మన పాఠకుడికి ఆసక్తి కలిగించే ముక్క ఒకటి 1831లోనే ఉంది: విక్టర్ స్నేహితుడు క్లెర్వల్ సంస్కృతం నేర్చుకుంటాడు, విక్టర్‌నూ ఆ చదువులోకి లాగుతాడు. యూరపు వలసలకూ వ్యాపారానికీ సాయపడేందుకు భారతదేశం రావాలనుకుంటాడు. 1818లో సంస్కృతం స్థానంలో హీబ్రూ ఉంది, భారతదేశం ఊసే లేదు.

ప్రతి తేల్చుకోవడానికి ఇంకో గుర్తు ఎలిజబెత్. విక్టర్ ఆమెను 'కజిన్' అంటాడు. అలవాటు కొద్దీ 'చెల్లెలు' అని రాశారో, 24 అధ్యాయాల ప్రతిలో 22వ అధ్యాయానికి వచ్చేసరికి పెళ్లి అవుతుంది, పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు. 1818 ప్రతిలో ఆమె విక్టర్ తండ్రి సోదరి కూతురు. అంటే మేనత్త కూతురు, మన లెక్కలో మరదలు. వరసైన పిల్ల. 1831లో మేరీ ఆ రక్తసంబంధం తీసేసి ఆమెను ఇటలీలో దొరికిన పెంపుడు పిల్లను చేసింది, అయినా 'కజిన్' అన్న పిలుపు మాత్రం ఉంచింది. అక్కడ 'మరదలు' తప్పు, పేరుతో పిలిపించడమే నయం. ఇంగ్లీషులో ఇబ్బంది అనిపించి మార్చిన చుట్టరికం తెలుగులో అన్నిటికన్నా సహజంగా ఒదుగుతుంది. అనువాదకుడికి ఇలాంటి అదృష్టం ఎప్పుడో గానీ దొరకదు.

తరువాత ఆ ప్రాణిని ఏమనాలి? 'దెయ్యం' వద్దు, చచ్చినవాళ్లు తిరిగితే దెయ్యం. 'రాక్షసుడు' అంటే కులమూ గోత్రమూ లంకానగరమూ వెంట వస్తాయి. ఇతనికి నాయనమ్మ కూడా లేదు. 'భూతం' కొంత నయం, తిట్టుగా పనికొస్తుంది. మామూలుగా చెప్పే చోట 'ప్రాణి' సరిపోతుందని మా అభిప్రాయం, ప్రాణం పోస్తే వచ్చినవాడు గనుక. విక్టర్ కోపంలో వాడే మాటలు నాలుగైదు రకాలు. వాటన్నిటికీ ఒకే తెలుగు మాట వేయకండి. 'నిర్భాగ్యుడు', 'పిశాచం', 'భూతం' అని వేరువేరుగా ఉంచితే అతని మనసు ఎప్పుడెలా తిరిగిందో తెలుస్తుంది. విక్టర్‌ను 'శాస్త్రవేత్త' అనే ముందు కూడా ఆలోచించండి. ఆ ఇంగ్లీషు మాట 1830ల్లో గానీ పుట్టలేదు. అతనొక విద్యార్థి.

అసలు పరీక్ష సర్వనామం దగ్గర. కళ్లు తెరిచే పేరాలో ఇంగ్లీషు మొదట 'అది' అంటుంది: అది బరువుగా ఊపిరి తీసింది. రెండు వాక్యాలు దాటేసరికి 'అతని' అవయవాలు, 'అతని' చర్మం. ఆ మార్పు పొరపాటు కాదు, వస్తువు మనిషయిన క్షణం. తెలుగులో 'అది' నుంచి 'వాడు'కు మారండి. అంతటా 'అది' అని సాపు చేయమని ప్రూఫు చూసేవాళ్లు పట్టుబడతారు, ఒప్పుకోకండి. విక్టర్ కథ విని ఉత్తరాల్లో రాసే నౌక కెప్టెన్ వాల్టన్ మాటల్లో 'అతను' చాలు. ఆ గుడిసెలోని గుడ్డి ముసలాయన డి లేసీ దగ్గరికి ప్రాణి మొదటిసారి వెళ్లినప్పుడు ముసలాయన తప్పనిసరిగా 'మీరు' అనాలి. నవల మొత్తంలో ఆ ప్రాణిని మర్యాదగా పలకరించిన మనిషి ఆయనొక్కడే, కళ్లు లేవు గనుక. తెలుగులో ఆ ఒక్క 'మీరు' చేసే పని ఇంగ్లీషు చేయలేదు. మంచుకొండ మీద ప్రాణి విక్టర్‌ను వేడుకునేటప్పుడు కూడా 'మీరు' అనిపించండి. నాకు తోడుగా ఒక ఆడప్రాణిని చేసిపెట్టండి, మనుషులకు దూరంగా దక్షిణ అమెరికా అడవులకు పోతాం అంటాడు. విక్టర్ ఒప్పుకుని, స్కాట్లండ్ పక్క ఆర్క్నీ దీవిలో సగంలో ఉన్న ఆ ఆడ శరీరాన్ని చీల్చేశాక, నన్ను చేసినవాడివి నువ్వే కానీ నీ యజమానిని నేను అంటాడు ప్రాణి. అక్కడ 'నువ్వు'. ఇంగ్లీషులో బయటికి కనపడని మెట్టు తెలుగులో పాఠకుడి కాలికి తగలాలి.

కథలో కథ, దానిలో కథగా సాగే అల్లిక గురించి మన పాఠకుడు తికమక పడతాడని భయపడి చాలామంది వాల్టన్ ఉత్తరాలను కత్తిరిస్తారు. 'కళాపూర్ణోదయం' పుట్టిన భాషలో ఆ భయం దేనికి? పిల్లల కోసం కుదించాల్సి వస్తే రైన్ నది ప్రయాణం, ఇంగ్లండ్ విహారం (24 అధ్యాయాల ప్రతిలో 18, 19) కోయండి, నష్టం తక్కువ. 11 నుంచి 16 దాకా ఉన్న అధ్యాయాల జోలికి వెళ్లకండి. ప్రాణి తన నోటితో చెప్పేది అక్కడే. కుదింపుల్లో ముందు పోయేవి కూడా అవే, అక్కడ పరుగులూ హత్యలూ తక్కువ గనుక.

ప్రచురణకర్తలకు రెండు ముక్కలు. నవల మీద ఎవరికీ హక్కుల్లేవు, మేరీ 1851లో చనిపోయింది. ఈకాలపు సంపాదకులు రాసిన ముందుమాటలు, అడుగు వ్యాఖ్యలు మాత్రం వాళ్లవి, అవి ఎత్తి వేసుకోకూడదు. అట్టబొమ్మ దగ్గర ఇంకా జాగ్రత్త. చదును తల, మెడ బోల్టులు 1931లో జాక్ పియర్స్ చేసిన మేకప్. 1957లో బ్రిటన్‌లో హ్యామర్ సంస్థ తన సినిమా తీసినప్పుడు యూనివర్సల్‌తో పేచీ రాకుండా ప్రాణి వేషం వేసిన క్రిస్టఫర్ లీకి పూర్తిగా వేరే మొహం పెట్టాల్సి వచ్చింది. అమెరికా చట్టం ప్రకారం ఆ 1931 సినిమా హక్కులు 2026 చివరి దాకా ఉంటాయి. ఇంతకీ అవి బోల్టులు కావు, కరెంటు ఎక్కించే ఎలక్ట్రోడ్లు. పాత బొమ్మే కావాలంటే 1831 ప్రతికి థియొడార్ ఫాన్ హోల్స్ట్ గీసిన ముఖచిత్రం వాడుకోండి, ఎవరినీ అడగనక్కర్లేదు. కొత్తగా వేయించేటట్టయితే చిత్రకారుడికి నవలలో ఉన్న వివరం ఇవ్వండి: ఎనిమిది అడుగుల ఎత్తు, దానికి తగిన ఒళ్లు. కింది కండరాలూ రక్తనాళాలూ దాదాపు కనిపించేంత పలచని పసుపు చర్మం. నిగనిగలాడే నల్లటి పొడవాటి జుట్టు. ముత్యాల్లాంటి పళ్లు. నీళ్లు నిండినట్టు పాలిపోయిన కళ్లు. తిన్నగా ఉన్న నల్లటి పెదవులు. ఒక్కొక్క భాగం అందంగా ఉండాలని విక్టర్ ఏరి తెచ్చాడు, కలిపి చూస్తే భయం. గీయడానికి ఇది బోల్టుల కన్నా వంద రెట్లు కష్టం, అందుకే ఎవరూ గీయరు. ఎత్తు ఎనిమిది అడుగులు ఎందుకంటే చిన్న చిన్న భాగాలు కుట్టడం ఆలస్యమవుతోందని విక్టర్ పెద్ద సైజులో మొదలుపెట్టాడు. తొందర పని చేసే ఎవరికైనా ఆ తర్కం తెలిసిందే.

వేదిక మీదా కెమెరా ముందూ ఆడేవాళ్లు ఆకుపచ్చ రంగు మానేయండి. పియర్స్ కార్లాఫ్ మొహానికి నీలం కలిసిన పచ్చ పూసింది నలుపు తెలుపు ఫిల్ములో అది శవంలా పాలిపోయి కనపడుతుందని. మీ ఫోన్ కెమెరాలో అది తోటకూరలా కనపడుతుంది. రోజూ దాదాపు నాలుగు గంటల పాటు దూది, కొల్లోడియన్ (ఆరితే పొరలా గట్టిపడే ద్రవం) పొరలు పొరలుగా అంటించేవాడు ఆయన. కొల్లోడియన్‌లో ఈథర్ ఉంటుంది, మంట దగ్గర ప్రమాదం, చర్మాన్ని ముడుచుకునేలా లాగుతుంది, కాబట్టి అనుకరించకండి. నవల వేషానికి పసుపు ఛాయ పలచని పూత, కణతల దగ్గర నీలి గీతలు, నల్లని పెదవులు చాలు. ఏ పూతనైనా ముందురోజు మోచేతి లోపలి వైపు రాసి చూసుకోండి. ఎత్తు కోసం కాళ్లకు కర్రలు కట్టనక్కర్లేదు. ఆరడుగుల నటుడు ఎనిమిదడుగులుగా కనిపించాలంటే చుట్టూ ఉన్నవాటిని నాలుగింట మూడు వంతులకు తగ్గించండి. ఏడడుగుల తలుపు ఐదడుగుల మూడంగుళాలు, 30 అంగుళాల బల్ల 22న్నర. గుమ్మంలో వంగి లోపలికి రాగానే ప్రేక్షకుడి కన్ను మోసపోతుంది. అదే ఫ్రేములోకి మామూలు ఎత్తు మనిషి వస్తే గుట్టు రట్టవుతుంది. అతన్ని కెమెరాకు దూరంగా, ప్రాణిని దగ్గరగా నిలబెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణికి డైలాగులు ఇవ్వండి. పదిహేను నిమిషాల నాటిక అయితే డి లేసీ గుడిసె ఒక్కటే ఆడండి. రెండు పాత్రలు, ఒక కుర్చీ, ఒక పొయ్యి. మెరుపులూ పొగా అక్కర్లేదు.

ముగింపు మార్చేవాళ్లకు ఒక్క మాట. సినిమాలో తగలబడే గాలిమర ఉంది. తెలుగులో కుదించినవాళ్లు ప్రాణి మంటల్లో దూకి చచ్చాడని ముగించేస్తుంటారు. నవలలో అతను ఉత్తర ధ్రువం వైపు పోయి చితి పేర్చుకుని కాలిపోతానని వాల్టన్‌కు చెబుతాడు, నౌక కిటికీలోంచి మంచు పలక మీదికి దూకుతాడు, అలలు తీసుకుపోతాయి, చీకట్లో కనిపించకుండా పోతాడు. చెప్పిన పని చేశాడో లేదో మేరీ రాయలేదు. మీరూ రాయకండి.

ఇట్లు,
ఈ నవలను చదివే, బోధించే, అనువదించే కొందరం